బ్రేకులలో చేరిన గాలి



గడచిన వేసవిలో పలమనేరులో ఒక నిఖాకు హాజరై చిత్తూరుకు తిరిగి వస్తున్నాము. కారులో మా ఇంటివారు, కోడలు, మూడేండ్ల మనవరాలు ఉన్నారు. మొగిలి ఘాట్ దిగుతూ లారీల వెనుక మాటిమాటికీ బ్రేకు నొక్కవలసి వచ్చింది. సగం దిగేసరికి పెడలు మెత్తబడింది. తడిసిన దూదిమూటపై కాలు మోపినట్లు అది లోపలికి దిగిపోసాగింది. గేరు తగ్గించి, చేతి బ్రేకును కొద్దికొద్దిగా లాగుతూ, రోడ్డు పక్కన కాస్త విశాలమైన చోట కారును ఆపగలిగాము. అల్లాహ్ కాపాడాడు. గంటసేపు ఆగిన తరువాత పెడలు మళ్ళీ గట్టిపడింది. మనిషి మోసపోయేది ఇక్కడే. నయమైపోయిందని తలచి, మరునాడు ఆ సంగతే మరచిపోతాడు.

మేము మరువలేదు. మా మదరసాలో చదివి, తరువాత మెకానిక్ పని నేర్చుకొని, చిత్తూరు శివారులో షెడ్డు నడుపుతున్న ఒక పూర్వవిద్యార్థి వద్దకు వెళ్ళాము. అతడు బానెట్ ఎత్తి, “హజ్రత్, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్పించారు?” అని అడిగాడు. మా వద్ద జవాబు లేదు. మూత తీసి చూపించాడు. లేత తేనె రంగులో ఉండవలసిన ద్రవం డికాషన్ వలె నల్లబడి ఉంది. వుజూ నీటి రంగు, రుచి, వాసన మారితే దాని విషయమై ఆదేశమేమిటో ఏండ్ల తరబడి పిల్లలకు పాఠం చెబుతున్న మేము, మా కుటుంబం ప్రాణాలు ఆధారపడిన ఆ ద్రవం వైపు ఏనాడూ తొంగి చూడలేదు. సిగ్గుతో తల వంచుకున్నాము.

అతడు వివరించిన సంగతి ఇది. మనం పెడలు నొక్కినప్పుడు ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోసుకొనిపోయేది ఈ ద్రవమే. వాడుకలో ఆయిల్ అంటున్నా ఇది ఇంజను ఆయిల్ వంటిది కాదు. గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం దీనిది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. అందులో నాలుగు శాతానికి కొంచెం తక్కువగా నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్-4కు ఈ అంకెలు 230, 155. ఘాట్‌లో బ్రేకులు కాగినప్పుడు తేమ పట్టిన ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుడుకు లొంగదు, బుడగ లొంగుతుంది. అందుచేత మన కాలి బలమంతా బుడగను నలపడానికే సరిపోతుంది. చల్లారితే ఆవిరి తిరిగి ద్రవమవుతుంది, లోపం కనబడదు. పాత ద్రవాన్ని, చిక్కుకొన్న గాలిని బయటికి తీసి కొత్త ద్రవం నింపడాన్నే బ్రేకు బ్లీడింగ్ అంటారు.

ఒక్కసారి చూసి అంతా వచ్చేసిందనుకొన్నాము. కొన్ని వారాలకు మిత్రుని పాత కారుకు ఆ పని మేమే చేయబూనాము. ఇంట్లో ఉన్న రెండు మూతుల పానాతో బ్లీడర్ నిపిల్‌ను తిప్పాము. దాని మూలలు అరిగి గుండ్రమైపోయాయి, నిపిల్ కదలలేదు. చివరకు అదే శిష్యుడు వచ్చి దానిని ఊడదీసి కొత్తది బిగించాడు. ఖర్చు మేము భరించాము. ఆ దెబ్బతో నేర్చిన పాఠాలను మీ ముందుంచుతున్నాము.

మొదటిది పానా. నిపిల్ మీద ఆరు పలకలు ఉంటాయి. ఆరింటినీ చుట్టి పట్టే ఆరు పలకల రింగు పానాయే కావాలి. చాలా కార్లకు 8 లేదా 10 మిల్లీమీటర్ల కొలత సరిపోతుంది. కొలిచి చూసిన తరువాతే కొనాలి. తుప్పు పట్టి ఉంటే ముందురోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాలి.

రెండవది గొట్టం, సీసా. గొట్టం పారదర్శకంగా ఉండి, నిపిల్ మీద బిగువుగా కూర్చోవాలి. బుడగలు కంటికి కనబడాలి. సీసా అడుగున కొంత కొత్త ద్రవం పోసి గొట్టం కొనను అందులో ముంచి ఉంచితే గాలి వెనుకకు పోదు.

ఒంటరిగా చేసేవారికి ఒకవైపుకే తెరుచుకొనే వాల్వు ఉన్న గొట్టం చవకైన మార్గం. చేతితో లాగే వాక్యూమ్ పంపుతో పని త్వరగా సాగుతుంది గాని, నిపిల్ మరల సందులనుండి గాలి లాగి లేని బుడగలను చూపిస్తుంది. ప్రెషర్ పంపు షెడ్డులకు తగినది. ఇంటివారికి అన్నిటికన్నా మేలైనది మరొక మనిషి కాలు.

పని చేసే విధానం ఇది. సమతల నేలపై చక్రాలకు అడ్డు పెట్టి కారును లేపాలి. జాకీ మీద మాత్రమే నిలిపి దాని కిందికి ఎవరూ దూరరాదు, స్టాండ్లు తప్పనిసరి. మా అబ్బాయి సీటులో కూర్చొంటే మేము చక్రం వద్ద ఉంటాము. “నొక్కు” అనగానే అతడు మెల్లగా నొక్కి, “నొక్కాను అబ్బా” అని బదులిస్తాడు. మేము నిపిల్‌ను పావు చుట్టు వదులు చేస్తాము. ద్రవం వస్తుంది. నిపిల్ బిగించిన తరువాతే “వదులు” అంటాము. ఈ క్రమం తప్పితే బయటి గాలి లోపలికి పోతుంది. పాత కార్లలో పెడలును నేల దాకా తొక్కితే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు చెడవచ్చు. కనుక పెడలు కింద ఒక చెక్కముక్క పెట్టాలి.

పై డబ్బాలో ద్రవం కనీస గీత కిందికి దిగకుండా మాటిమాటికీ పోస్తూ ఉండాలి. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరపు చక్రంతో, అనగా మన కార్లలో వెనుక ఎడమ చక్రంతో మొదలుపెడతారు. కొన్ని కార్ల క్రమం వేరు. కారుతో ఇచ్చిన పుస్తకమే ప్రమాణం. ఏబీఎస్ ఉన్న కారులో ఆ యంత్రంలోకి గాలి చేరితే స్కానర్ లేకుండా అది పోకపోవచ్చు, షెడ్డుకే తీసుకొనిపోవాలి.

సీలు విప్పి నెలల తరబడి ఉంచిన డబ్బాలోని ద్రవాన్ని గాని, బయటికి తీసిన పాతదాన్ని గాని తిరిగి వాడరాదు. ఇంజను ఆయిల్ చుక్క కలిసినా రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. బ్రేకు ద్రవం పెయింటుపై పడితే రంగు ఊడుతుంది, వెంటనే నీటితో కడగాలి. పిల్లలకు అందనివ్వరాదు.

ఇంజను నడుస్తుండగా పెడలు ఎత్తుగా, గట్టిగా నిలవాలి; ఎక్కడా చెమ్మ కనబడరాదు. ఖాళీ చోట మెల్లగా నడిపి పరీక్షించిన పిదపనే కుటుంబాన్ని ఎక్కించాలి. అనుమానం ఉంటే కారు కదిలించరాదు.

మన ప్రాంతంలో ఘాట్ రోడ్లు ఉన్నాయి. 1944లో ఏర్పడిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే వాడుతున్నారు. దానిలో 36 మలుపులు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు లోయలో పడి పలువురు చనిపోయిన దుఃఖం మనం మరువలేదు. బ్రేకు మంచిదైనా దిగేటప్పుడు చిన్న గేరులో దిగడమే వివేకం.

పని చేతగానివారు చేయబూనకండి. అయితే తెలుసుకొని ఉండండి. చాలా కంపెనీలు రెండేండ్లకొకసారి ఈ ద్రవం మార్చాలంటాయి. షెడ్డుకు వెళ్ళినప్పుడు సీలు తీయని డబ్బాను మీ కళ్ళ ముందే విప్పించండి. నాలుగు చక్రాల వద్దా ఓపికగా కూర్చొని పని చేసే కుర్రవాని కూలి దగ్గర బేరమాడకండి. మన వెనుక సీటులో నిద్రపోతున్న పిల్లలు మనకు అప్పగింపబడిన అమానతు. మా మనవరాలు ఆనాడు ఘాట్‌లో నిద్ర లేవనే లేదు. తన తాత కాలికింద ఏమి జరిగిందో ఆ పసిదానికి నేటికీ తెలియదు.