రేఖలతో చేసిన వ్యాఖ్యానం

కథకు బొమ్మ అలంకారమాత్రమేనన్న అభిప్రాయం మన సాహిత్యలోకంలో చాలాకాలంగా పాతుకొని ఉంది. కాళిదాసు కావ్యాలను విప్పిచెప్పిన మల్లినాథసూరిని పండితులు తరతరాలుగా స్మరిస్తున్నారు. కథలను విప్పిచెప్పిన చిత్రకారులకు మాత్రం ఆ మన్నన దక్కలేదు. ‘చందమామ’ శంకర్ విషయంలో ఈ లోపం మరీ కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది.

శంకర్ పూర్తి పేరు కె.సి. శివశంకరన్. 1924లో తమిళనాట జన్మించి, మద్రాసులో చిత్రకళను అభ్యసించారు. 1947లో ప్రారంభమైన చందమామలో 1950ల తొలినాళ్లలో చేరి, సుమారు అరవై ఏళ్లు ఆ పత్రికకు బొమ్మలు వేశారు. వాటిలో అగ్రతాంబూలం బేతాళ కథల శీర్షిక చిత్రానిదే. శ్మశానభూమి, పుర్రెలు, దూసిన కత్తి, భుజాన శవం, ముందుకు సాగుతున్న రాజు. నెలనెలా కథ మారేది. ఆ బొమ్మ మారేది కాదు.

సోమదేవుని ‘కథాసరిత్సాగరం’లోనూ, క్షేమేంద్రుని ‘బృహత్కథామంజరి’లోనూ బేతాళుడు చెప్పిన కథలు పాతిక మాత్రమే. చందమామ రచయితలు అదే చట్రంలో వందలాది కొత్త కథలు అల్లారు. నిన్నమొన్న పుట్టిన ఆ కథలకు ప్రాచీనతా గౌరవం ఎక్కడినుండి వచ్చింది? ప్రారంభ వాక్యాలనుండి కొంత, శంకర్ బొమ్మనుండి అంతకు మించి వచ్చిందని నా అభిప్రాయం. అనేక భాషలలో వెలువడిన ఆ పత్రికలో మాటలు భాషభాషకూ మారినా, బొమ్మ ఒక్కటే అందరికీ చెందింది.

‘ఔచిత్య విచార చర్చ’ రచించిన క్షేమేంద్రుడే బేతాళ కథలను కూడా చెప్పడం ఒక చక్కని యాదృచ్ఛికం. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్న ఆ కాశ్మీర కవికి శంకర్ చిత్రం తప్పక నచ్చి ఉండేది! పరిసరాలన్నీ భయానకం, నడక మాత్రం వీరం. ఇంకొక చిత్రకారుడైతే బేతాళుని వికృతరూపంతో పిల్లలను జడిపించేవాడేమో. శంకర్ రాజు పట్టుదలకు పెద్దపీట వేశారు. ఎన్నిసార్లు శవం చెట్టెక్కినా మళ్లీ బయలుదేరే మనిషి అతడని, కథ చదవకముందే మనకు తెలిసిపోతుంది.

బొమ్మలు బాలల ఊహాశక్తికి సంకెళ్లు వేస్తాయని వాదించేవారున్నారు. నేను అంగీకరించను. బేతాళుని కంఠం ఎలా ఉంటుందో, మౌనంగా నడిచే రాజు మనసులో ఏమున్నదో ఏ రేఖా చెప్పదు. ఆ పని శంకర్ పాఠకునికే విడిచిపెట్టారు.

ఆయన 2020లో కన్నుమూశారు; 2021లో పద్మశ్రీ ప్రకటించారు. అంతకు కొన్నేళ్ల ముందే చందమామ ఆగిపోయింది. బేతాళ కథలపై పరిశోధన చేసేవారు మూలాన్నీ తెలుగు పాఠాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చుతారు. ఆ బొమ్మనూ పాఠంగానే చదివితే వారి పరిశోధన మరింత నిండుగా ఉంటుంది. గ్రంథాలయంలో పాత సంచిక చేతికందితే మీరూ ఆ పుట తెరవండి. కథ మొదలుపెట్టేముందు రాజు నడకను ఒక్క నిమిషం చూడండి.