బావి నీటిలో పెట్రోలు

భూమిలో పాతిన పెట్రోలు తొట్టి చిల్లువడినచో పొగ కానరాదు, చప్పుడు వినరాదు. విషము మాత్రము మెల్లగా బావిని జేరును. 2013లో చెన్నపురి తండయార్‌పేటయందు భూగర్భ గొట్టమునుండి కారిన తైలము గృహస్థుల బోరుబావులలో తేలెను. పెట్రోలులోని బెంజీను రక్తమునకు క్యాన్సరు దెచ్చునది; లీటరు నీట 10 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము.

కేంద్ర ప్రభుత్వము 2025లో కలుషిత స్థలముల నియమములను ప్రకటించినది; చెరచినవాడే శుద్ధివ్యయము భరింపవలయునని వాని సారము. అయితే దోషము బయల్పడినగాని దోషి తేలడు. కావున జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పురపాలక సంఘములు బంకుల చెంతనున్న బావులను ఏటేట పరీక్షింపించి ఫలితములను వెల్లడింపవలయును, పౌరులు అడుగవలయును.

ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట అవివేకమందురు; బావియే చెడినపుడు ఏమి త్రవ్వుదుము?