మూడు వైపులా మీరు, మధ్యలో మీ పిల్లలు



గత ఏడాది యాన్యువల్ డే అయ్యాక ఒక అమ్మగారు నా దగ్గరికి వచ్చి, "మేడమ్, మా పాప స్టేజీ మీద ఉందన్నారు, మాకు కనిపించనే లేదు" అన్నారు. పాప నిజంగానే ఉంది, వెనక వరుసలో. రికార్డు చేసిన డైలాగులకు పెదవులు కదిపింది. గొంతు మాత్రం తనది కాదు. ఆ అమ్మగారికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఆ రోజు నుంచి నాకొక ఆలోచన. లోపం పిల్లల్లో లేదు, మన స్టేజీ ఆకారంలో ఉంది.

మనకు అలవాటైన స్టేజీ ఫోటో ఫ్రేము లాంటిది. అందరూ ఒకే వైపు కూర్చుని చూస్తారు. ఇంకో రకం ఉంది, థ్రస్ట్ స్టేజీ. అది ప్రేక్షకుల మధ్యలోకి చొచ్చుకు వస్తుంది, మూడు వైపులా జనం ఉంటారు. 1599లో లండన్‌లో కట్టిన గ్లోబ్ థియేటర్ అలాంటిదే. ఒక్క పెన్నీ ఇచ్చినవాళ్లు స్టేజీని ఆనుకుని నిలబడి షేక్‌స్పియర్ నాటకాలు చూసేవారు. మైకులు లేవు. నటుడు జనం కళ్లలోకి చూస్తూ మాట్లాడాల్సిందే. 1953లో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో దర్శకుడు టైరోన్ గత్రీ షేక్‌స్పియర్ కోసం మళ్లీ ఈ పద్ధతికే వెళ్లారు.

ఇది మనకు కొత్తేమీ కాదు. వీధి భాగవతం ఎలా ఆడేవారో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు, దాని వెనక నుంచి పాత్ర వస్తుంది, చుట్టూ ఊరు ఊరంతా కూర్చుంటుంది.

పేరెంట్స్ మీటింగ్‌లో మీరు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే: "మా బాబు ఇంగ్లీషులో ధైర్యంగా మాట్లాడాలి." రికార్డింగ్‌కి పెదవులు కదిపితే ఆ ధైర్యం రాదు. నాలుగడుగుల దూరంలో మనుషులు వింటున్నప్పుడు, తప్పు పలికినా ఆపకుండా వాక్యం పూర్తి చేసినప్పుడు వస్తుంది. క్లాసులో బెంచీలు మూడు వైపులా జరిపి మర్చంట్ ఆఫ్ వెనిస్ కోర్టు సీను చేయించాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు రెండు లైన్లు గట్టిగా చెప్పాడు. వినేవాళ్లు అంత దగ్గరగా ఉంటే గొణగడం కుదరదు మరి.

"మా వైపు వీపు పెడితే ముఖం ఎలా కనిపిస్తుంది?" అంటారేమో. నిజమే, ఎప్పుడూ ఎవరో ఒకరికి వీపు కనిపిస్తుంది. అందుకే పిల్లలు ఒకచోట నిలబడకుండా తిరుగుతూ, అందరినీ కలుపుకుని మాట్లాడటం నేర్చుకుంటారు. పడిపోతారన్న భయమా? ఎత్తు స్టేజీ అక్కర్లేదు, నేల మీద జంపఖానా చాలు. రెండు వందల మంది పిల్లల డాన్స్‌కి మాత్రం పెద్ద స్టేజీయే సరైనది, దాన్ని తీసేయమని నేను అనడం లేదు.

నేను కోరేది చిన్నది. ఈ టర్మ్‌లో ప్రతి సెక్షన్ ఒక పది నిమిషాల నాటిక వేయాలి, తమ సొంత గొంతుతో, మూడు వైపులా కుర్చీలు వేసి. మీకు ఈ ఆలోచన నచ్చితే డైరీలో ఒక మాట రాసి పంపండి, ప్రిన్సిపాల్ గారికి చూపిస్తాను.

వచ్చినప్పుడు ఫోన్ బ్యాగులోనే ఉంచండి. మీ పాప మాట్లాడుతూ మీ వైపు తిరిగినప్పుడు తనకు కనిపించాల్సింది కెమెరా కాదు, మీ ముఖం.