టెలివిజను పరిశ్రమ: పెట్టె మనది, తెర యెవరిది?

2025 సెప్టెంబరు 22వ తేదీనుండి 32 అంగుళములకు మించిన టెలివిజను యంత్రములపై వస్తుసేవల పన్ను నూటికి 28 వంతులనుండి 18 వంతులకు తగ్గింపబడినది. ఇది కొనువారికిని అమ్మువారికిని సంతోషకరమైన విషయమే. కాని యీ తగ్గింపువలన పెరిగెడి గిరాకి యెవరి కర్మాగారములను పోషించునను ప్రశ్న మిగిలియున్నది. అంగడిలోని పెట్టెపై భారతదేశమున తయారైన దను ముద్ర కానవచ్చును. ఆ ముద్ర అసత్యము కాదు. సంపూర్ణ సత్యమును కాదు. యంత్రపు వెలలో సగమునకు మించిన భాగము నాక్రమించునది, వర్తకులు ఓపెన్ సెల్ అని పిలుచు గాజు తెర. ఆ తెర మన దేశమున వాణిజ్యప్రమాణమున తయారగుట లేదు. అందు అధికభాగము చైనానుండి వచ్చుచున్నది.

ఈ పరిశ్రమలో మన మాదినుండియు చేతగానివారమై యుండలేదు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగ ప్రసారములు మొదలైనవి. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ప్రభుత్వసంస్థ అనతికాలముననే టెలివిజనులను నిర్మింపసాగెను. 1975-76 సంవత్సరములలో అమెరికావారి ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు విద్యావ్యవసాయ కార్యక్రమములను ప్రసారము చేసిరి. నాటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో నొకటి. ఆ గ్రామములకు వలసిన గ్రాహక యంత్రములను కూర్చినది హైదరాబాదు సంస్థయే. కోళ్ళగూళ్ళకు వాడెడి తీగవలతో ఆంటెన్నాలు చేసి, తక్కువ వ్యయముతో మన శాస్త్రజ్ఞులు పని నెరవేర్చిరి. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ నలుపు తెలుపు చిత్రనాళములను తయారుచేసెను. వస్తువు సొగసు తక్కువదైనను విద్య మనదిగా నుండెను.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భమున రంగుల ప్రసారము వచ్చినది. తొందరలో విడిభాగముల పెట్టెలను విదేశములనుండి రప్పించి యిచ్చట బిగించు మార్గము తెరువబడినది. మద్రాసున డయనోరా, సాలిడెయిర్, కేరళమున కెల్ట్రాన్, ఉత్తరప్రదేశమున అప్ట్రాన్, పిదప ఒనిడా, బీపీఎల్, వీడియోకాన్ మున్నగు పేర్లు ఇంటింట వినవచ్చెను. ఘాజియాబాదులో సామ్‌టెల్ వారు రంగుల చిత్రనాళములను సైతము ఉత్పత్తి చేసిరి. సుంకముల నీడలో నిది కొంతకాలము వర్ధిల్లినది. కాని నీడ దొరికినది గదా యని యెక్కువమంది నిదురించిరి. లాభములను పరిశోధనాలయములకు మరల్చినవారు అరుదు. విదేశీయులవద్ద విద్యను అద్దెకు దెచ్చుకొనిరేగాని సొంతము చేసికొనలేదు. అరువు సొమ్ము బరువు చేటన్న సామెత యిచ్చట రుజువైనది.

1991 తరువాత తలుపులు తెరువబడగా కొరియా, జపాను సంస్థలు మేలైన వస్తువుతో వచ్చినవి. 2004లో థాయిలాండుతో జరిగిన ఒడంబడిక ప్రకారము రంగుల టెలివిజనులపై సుంకము క్రమముగా తొలగి, అచ్చట తయారైన యంత్రము మన విపణిలో పోటీకి నిలిచినది. అంతలో నాళము పోయి పలుచని తెర వచ్చినది. నాళముల కర్మాగారములు మూతపడినవి. ఒకప్పుడు అగ్రగామియైన వీడియోకాన్ 2018లో దివాలా న్యాయస్థానమున నిలువవలసివచ్చెను. దీనికి విదేశీయుని మాత్రమే నిందించుట న్యాయము కాదు. విద్యను నిర్లక్ష్యము చేసిన మన పెట్టుబడిదారులును, ఒడంబడికలను వ్రాయునప్పుడు స్వదేశ పరిశ్రమను తలపనివారును బాధ్యులే.

ఇటీవలి ప్రభుత్వవిధానము నరయుదము. 2017 డిసెంబరులో టెలివిజనులపై దిగుమతి సుంకమును నూటికి 10 నుండి 20 కి హెచ్చించిరి. పిమ్మట తెరలపై సుంకము వేసిరి. ఫలితముగ 2018లో ఒక పెద్ద కొరియా సంస్థ యిచ్చటి తయారీని నిలిపి, ఒడంబడికవలన సుంకము లేని వియత్నామునుండి పూర్తి యంత్రములనే తెప్పింప మొదలిడెను. 2019 సెప్టెంబరులో తెరపై సుంకమును తీసివేసిరి. 2020 అక్టోబరులో నూటికి 5 వంతున మరల విధించిరి. ఆ యేటి జూలైలోనే పూర్తి యంత్రముల దిగుమతికి అనుజ్ఞాపత్రము అవసరమని శాసించిరి. దీనివలన బిగింపు పని స్వదేశమునకు మరలివచ్చినమాట నిజము. కాని యేటేట మారెడి సుంకమును నమ్మి పదేండ్లకుగాని ఫలింపని కర్మాగారమున ధనము పెట్టువాడెవడు?

తెలుగునాట నేడు తిరుపతి ప్రాంతమున డిక్సన్ సంస్థ టెలివిజనులను కూర్చుచున్నది. చైనాకు చెందిన టీసీఎల్ వారి తెరల కర్మాగారమును ఆ ప్రాంతముననే వెలసినది. హైదరాబాదున రేడియంట్ సంస్థ యితరుల పేర్లతో అమ్ముడగు యంత్రములను తయారుచేయుచున్నది. ఎందరో యువతీయువకులకు జీతము లభించుచున్నది. దానిని చులకన చేయరాదు. కాని ఇల్లలుకగానే పండుగ కాదు. దిగుమతియైన గుడ్డకు బొత్తాములు కుట్టినవాడు దర్జీ యగునుగాని సాలెవాడు కాజాలడు. దర్జీకి కూలి దక్కును. గుడ్డలోని లాభము మగ్గము గలవానికే చేరును. కూలి యింకొకచోట చౌక యైననాడు కుట్టుపనియు తరలిపోవును. వియత్నాము ఉదాహరణము మన కన్నులయెదుటనే యున్నది.

తెర నేయు మగ్గము సామాన్యమైనది కాదు. దానికి వేలకోట్ల మూలధనము, ధూళి సోకని గదులు, క్షణమైన నాగని విద్యుత్తు, పరిశుద్ధజలము, ఆరితేరిన నిపుణులు వలయును. జపాను, కొరియా, తైవాను, చైనా వరుసగా దీనిని చేబట్టినవి. చైనాలో ప్రభుత్వములే భాగస్వాములై నష్టములను భరించినవి. మన ప్రభుత్వమువారు 2021 డిసెంబరులో అర్ధవాహక, తెర పరిశ్రమలకై 76,000 కోట్ల రూపాయల పథకమును ప్రకటించిరి. 2025 మార్చిలో విడిభాగముల తయారీకి 22,919 కోట్ల పథకమును ఆమోదించిరి. సంకల్పము మెచ్చదగినది. అయినను ధనమొక్కటే చాలదు.

మా అభిప్రాయమున మూడు పనులు తక్షణము జరుగవలెను. తెరపైనను, పూర్తి యంత్రముపైనను సుంకము రానున్న పదేండ్లలో నే యేట నెంత యుండునో ముందుగనే ప్రకటించి, దానికి కట్టుబడవలెను. తెర చేతికి వచ్చులోపల సర్క్యూటు పలకలు, వెలుగు పట్టీలు, స్పీకర్లు మున్నగు చిన్న వస్తువులయందు నైపుణ్యము నార్జింపవలెను. భూమియు, రాయితీలును పొందిన ప్రతి సంస్థయు తన వస్తువు వెలలో స్వదేశ భాగమెంతయో యేటేట బహిరంగముగ తెలుపవలెను. భూము లిచ్చినది రైతులు; రాయితీల నిచ్చినది పన్నులు కట్టు ప్రజలు. ఆ లెక్క అడుగుట వారి హక్కు.

సుంకము పెంచిన పేదవాని యింటిలో యంత్రపు వెల పెరుగును. తొలగించిన పరిశ్రమ నిలువదు. ఈ భారమును కొంతకాలము మోయుమని ప్రజల నడుగవచ్చును. కాని యే నాటివరకో, దేనికొరకో చెప్పి యడుగవలెను. 1982 తరువాత ప్రజలు మోసిన సుంకభారమునకు నేడు మిగిలిన ఫల మేమియు లేదు. రెండవమారు ఆ తప్పిదము జరుగరాదు.