వైద్యం ఎవరి కోసం?

ఫస్టియర్ ల్యాబ్ వైవా. మేడమ్ అడిగిన ప్రశ్నకి జవాబు నాకు వచ్చు. నోరు తెరిచేలోపే కళ్లు టపటపా కొట్టుకున్నాయి. "ఏంటయ్యా, కన్ను కొడుతున్నావా?" అన్నారు. వెనక ఒకటే నవ్వులు. వచ్చిన జవాబు కాస్తా గొంతులోనే ఆగిపోయింది.

నాకున్నది టూరెట్ సిండ్రోమ్. ఆరేళ్లప్పుడు కనురెప్పలతో మొదలైంది. "కుడికన్ను అదిరితే మగపిల్లాడికి మంచిదేలే" అంది నానమ్మ. అమ్మ దిష్టి తీసింది. తర్వాత గొంతు సవరించుకోవడం, మెడ విసరడం తోడయ్యాయి. అప్పటికి గానీ న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లలేదు.

"ఆపుకోలేవా?" అని అందరూ అడుగుతారు. తుమ్ముని ఎంతసేపు ఆపుకోగలరు? ఇదీ అంతే.

వైద్యం లేదా అంటే, ఉంది. పూర్తిగా పోగొట్టే మందు మాత్రం లేదు. క్లోనిడిన్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటివి టిక్స్‌ని తగ్గిస్తాయి. కొందరికి నిద్రమత్తు వస్తుంది, కొందరు బరువు పెరుగుతారు. సీబిట్ అనే బిహేవియర్ థెరపీ కూడా ఉంది. టిక్ రాబోతున్నట్టు ముందే పసిగట్టి, దానికి ఎదురుపని చేయడం నేర్పిస్తారు. గొంతు సవరించాలనిపిస్తే ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం లాంటిది. 2010లో అమెరికాలో 126 మంది పిల్లలపై చేసిన అధ్యయనం వెలువడింది. ఈ థెరపీ తీసుకున్న వాళ్లలో సగానికి పైగా బాగా మెరుగుపడ్డారు. ఇబ్బంది లేకపోతే ఏ వైద్యమూ తీసుకోకుండా గమనిస్తూ ఉండటం కూడా డాక్టర్లు ఒప్పుకునే దారే. చాలామందికి పెద్దయ్యేకొద్దీ టిక్స్ తగ్గుతాయి.

నేను డోసు పెంచమని డాక్టర్‌ని అడిగింది ఆ వైవా తర్వాతే. "నీకు నొప్పెక్కడ?" అన్నారాయన. ఆలోచిస్తే, మెడ విసిరినప్పుడు నిజంగానే నొప్పి. దానికి థెరపీ చేస్తున్నా. కళ్లు కొట్టుకుంటే నాకేం నొప్పి లేదు. నొప్పంతా ఆ నవ్వుల వల్లే. మీ నవ్వులకి నేను మాత్రలు మింగడం ఏం న్యాయం?

సీబిట్‌లో ఇంకో భాగం ఉంది: టిక్స్‌ని పెంచే పరిస్థితుల్ని మార్చడం. ఎగతాళి, ఒత్తిడి, "మళ్లీ చేశావు చూడు" అని వేలెత్తి చూపడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. మొదటి భాగం నేను రోజూ హాస్టల్ గదిలో ప్రాక్టీస్ చేస్తున్నా. ఈ రెండోది నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు ఫ్రెండ్స్.

మీరు పెద్దగా చేయాల్సిందేమీ లేదు. చూసీ చూడనట్టు వదిలేయండి. వైవాలో అర నిమిషం ఆగండి. జవాబు నాకు వచ్చు.