పొలం ఫోటోలో మనిషేడీ?

మన తెలుగువాళ్ళకు ఈ మధ్య ఒక కొత్త జబ్బు పట్టుకుంది. మద్రాసు నుంచి తిరుపతికి కారులో బయలుదేరుతారు. తిరువళ్ళూరు దాటి తిరుత్తణి కొండ కనబడగానే లోపలి నుంచే చేతులు జోడిస్తారు. ఆ పైన కొండల నడుమ పచ్చని కయ్యలు కనిపిస్తే బండి ఆపి ఫోన్లు తీస్తారు. సాయంత్రానికి ఆ బొమ్మ నా ఫోనుకూ వస్తుంది. కింద ఒకే మాట: "అచ్చం కోనసీమలా ఉంది కదూ!"

ఆ మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. కోనసీమ మీద నాకు కోపం లేదు. కానీ తిరుత్తణి తిరుత్తణిలా ఉండకూడదా? ఆ వెనక కనిపించే కొండను నగరి ముక్కు అంటారు. వెనకటి రోజుల్లో సముద్రం మీద వచ్చే ఓడలవాళ్ళు ఆ ముక్కును ఆనవాలు పట్టి తీరం తెలుసుకునేవారు. ఓడవాడు గుర్తు పట్టిన కొండను మనవాడు పది మైళ్ళ దూరం నుంచి "ఏదో కొండ" అంటాడు. కింద పారే ఏరు కుశస్థలి. దాని పేరూ అడగడు.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కవిత్వం తెలియదు. అయితే ఆ పొలాలు నాకు తెలుసు. 1990లలో ఆ వైపు ఒక శాఖలో పనిచేశాను. అప్పట్లో ఐ.ఆర్‌.డి.పి. కింద పాడిపశువుకు అప్పిస్తే ఫైల్లో ఫోటో ఉండాలి. ఆవు ఒక్కటే ఉంటే చెల్లదు. ఆవు చెవికి బిళ్ళ కనబడాలి, పక్కన అప్పు తీసుకున్న మనిషి నిలబడాలి. మనిషి లేని ఫోటో పంపిస్తే పైనుంచి తిరిగొచ్చేది. ఆఫీసరు ఎంత కర్కోటకుడైనా ఆవుకు యజమాని ఉంటాడని ఒప్పుకునేవాడు. నేటి మన రసికులు పొలానికి అదీ ఒప్పుకోరు.

ఆ పచ్చదనం దానంతటది రాలేదు. కుశస్థలికి నీళ్ళు ఎప్పుడూ ఉండవు. ఈశాన్య ఋతుపవనాలు కరుణిస్తే వస్తాయి, ఎగువన కృష్ణాపురం జలాశయం తెరిస్తే కాజ్‌వేలు ముంచి మరీ వస్తాయి. మిగిలిన నెలల్లో బావి, మోటారు, రాత్రి కరెంటు. వరి నాటేటప్పుడు ఆడవాళ్ళ మెడలో గొలుసు బ్యాంకు పెట్టెలోకి వస్తుంది, కోతలయ్యాక విడిపించుకుంటారు. విడిపించుకోలేని ఏడాదీ ఉంటుంది. ఆ పైరులో ఎంతమంది తాకట్టు నగలు ఉన్నాయో కౌంటరు ఇవతల కూర్చున్నవాడికే తెలుసు.

ఆ పొలాలవాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళన్నది రెండో సంగతి. పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల నుంచి సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు పోయింది. ప్రభుత్వాల కొత్త లెక్కల ఏడాది మొదటిరోజే, ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు బదిలీ చేసినట్టు జరిగిపోయింది. ఖాతా మారినా మనుషులు ఊళ్ళోనే ఉన్నారు. ఆ తీర్పు తప్పో ఒప్పో నేనిప్పుడు తవ్వబోను. అరవై ఏళ్ళు దాటిన పంచాయితీ అది. తమిళులతో నాకు తగవు లేదు, జీవితమంతా వాళ్ళ మధ్యే హాయిగా బతికాను.

నా తగవు మనతోనే. శాఖలో ఉన్నప్పుడు ఒక కుర్రాడు బావి అప్పుకోసం తాతగారి దస్తావేజు తెచ్చాడు. 1950ల నాటిది, తెలుగులో ఉంది. చెక్కుబందీ ఎంత ముచ్చటగా రాశారో! తూర్పున కాలువ, పడమట ఫలానా వారి మడి, దక్షిణాన చింతచెట్టు. ఆ కుర్రాడు ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ అక్షరం చదవలేడు. తన పొలానికి హద్దులేమిటో నా చేత చదివించుకున్నాడు. ఆ తర్వాత 2006లో వచ్చిన చట్టం బడుల్లో ఒకటో తరగతి నుంచి మెట్టుమెట్టుగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. తలిదండ్రులు మినహాయింపుల కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. అప్పుడు మన నగర తెలుగు ప్రముఖులు ఏం చేస్తున్నారు? క్యాలెండర్లు అచ్చు వేయిస్తున్నారు. పన్నెండు నెలలకు పన్నెండు బొమ్మలు, గోదావరి పడవ, కొబ్బరిచెట్లు, పాపికొండలు! రాధాకృష్ణన్ పుట్టిన ఊరని సెప్టెంబరు 5న తిరుత్తణిని ఒకసారి తలుచుకుంటే సరిపోతుంది కాబోలు.

మొన్న కార్తీకంలో పెళ్ళికని పళ్ళిపట్టు వైపు వెళ్తూ మా బావమరిది కారు ఆపించాడు. నిజం చెప్పొద్దూ, అందంగానే ఉంది. రెండు వైపులా కొండలు, మధ్య నాటు వేసిన కయ్యలు, వాన తెరిపి ఇచ్చిన వెలుతురు. గట్టు మీద ఒక పెద్దాయన పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. మావాడు వచ్చీరాని తమిళంలో ఆయన్ని పక్కకు జరగమన్నాడు.

"ఏం నైనా, నేనుంటే పైరు పచ్చగుండదా?" అన్నాడాయన, తెలుగులో.

మావాడు నవ్వేశాడు. కారెక్కాక నేను నిలదీస్తే, "బావా, ఫోటోకు భాషేమిటి? అందం అందమే కదా" అన్నాడు. ఫోటోకు భాష లేదు సరే, దాని కింద రాసేదానికి ఉందిగా! అక్కడ కోనసీమ అని రాసినప్పుడు, ఈ ముసలాయన ఉన్నచోట లేనట్టూ, తెలుగువాడు కాడన్నట్టూ ఒకే మాటతో తేల్చేశావు. బయటివాడెవడైనా ఈ పని చేస్తే సంఘంలో తీర్మానం పెట్టేవాళ్ళం.

తిరుగుప్రయాణంలో అక్కడే ఆపించాను. పెద్దాయన ఇంకా చేలోనే ఉన్నాడు. పారతో సహా గట్టు మీద నిలబెట్టి ఫోటో తీశాను. ఊరిపేరు, కయ్య పేరు అడిగి తెలుగులో కింద రాశాను. ఆయనకు ఫోను లేదు, మనవడి ఫోనుకు పంపించాను. మనవడు తెర మీది అక్షరాలు అటూ ఇటూ చూసి తాతకిచ్చాడు. రాష్ట్రం మారిన ఏడు తాను ఆరో తరగతట. ఫోను దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన ఊరిపేరు పైకి చదివాడు.