మీరేవిట్లు మేడమ్?

పోయిన నెల నేనూ మా ఆయనా విశాఖలో ఒక ఫెర్టిలిటీ సెంటర్‌కి వెళ్ళాం. నాకు ముప్పై ఏడు. నా అండాలతో కుదరదు, దాత అండం తీసుకోవాలి అన్నారు డాక్టర్. ఏడుపొచ్చింది, మింగేశాను. కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి ఎత్తు, రంగు, బ్లడ్ గ్రూప్ అన్నీ రాసుకుని, గొంతు తగ్గించి అడిగింది: "మీరేవిట్లు మేడమ్?"

"మాలలం" అన్నాను. పెన్ను ఒక్క క్షణం ఆగింది. "అయితే మీకు తొందరగానే దొరుకుతారు. ఓసీ డోనర్ కావాలంటే మాత్రం వెయిటింగ్. ప్యాకేజీ కూడా వేరే."

బయటికొస్తుంటే అద్దం తలుపు వెనక ద్రవ నైట్రోజన్ ట్యాంకులు కనిపించాయి. నాన్న గుర్తొచ్చాడు. ఆయన మన ఉక్కు ఫ్యాక్టరీ ఆక్సిజన్ ప్లాంటులో కాంట్రాక్టు లేబర్‌గా చేశాడు. అక్కడ గాలిని చల్లబరిచి ద్రవంగా మార్చి ఆక్సిజన్నీ నైట్రోజన్నీ విడదీస్తారు. మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్ నీళ్ళలా ఉంటుంది. 2021 ఏప్రిల్‌లో, కరోనా రెండో వేవ్‌లో, మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ నిండింది ఆ ఫ్యాక్టరీలోనే. ఊపిరాడనివాళ్ళెవరూ ఆ ట్యాంకర్ నింపినవాడి కులం అడగలేదు.

ఆ ట్యాంకుల కథ కొంచెం తెలుసుకోండి. గడ్డకట్టేటప్పుడు కణంలోని నీరు మంచు సూదులై కణాన్ని చీల్చేస్తుంది. 1949లో లండన్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ కోడిపుంజు వీర్యంతో తంటాలు పడుతుంటే ఒక సీసాలో ద్రావణం ఉన్నట్టుండి పనిచేసింది. చక్కెర ద్రావణం అనుకున్నారు. పరీక్షిస్తే గ్లిజరిన్! సీసాల లేబుళ్ళు తారుమారయ్యాయి. 1953లో అమెరికాలో బంగే, షెర్మన్ ఫ్రీజ్ చేసిన మనిషి వీర్యంతో గర్భాలొచ్చాయని చూపించారు. 1978 అక్టోబర్ 3న కలకత్తాలో, ఫ్రీజ్ చేసిన పిండం నుంచి డాక్టర్ సుభాష్ ముఖర్జీ ఒక పాపని పుట్టించాడు. ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు. చివరికి కంటి వైద్య సంస్థకి బదిలీ చేశారు. 1981లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1984లో ఆస్ట్రేలియాలో అలాంటి బిడ్డే పుడితే ప్రపంచం చప్పట్లు కొట్టింది. 1986లో అక్కడే, ఫ్రీజ్ చేసిన అండం నుంచి కవలలు పుట్టారు.

లేబుల్ తప్పయితే పుట్టిన శాస్త్రం ఇది. మన దేశంలో మాత్రం లేబుల్ లేకుండా నడవనంటోంది.

"పోలికల కోసం అడుగుతారులే" అంది మా స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ. రంగూ ఎత్తూ ముందే రాసుకున్నారు కదమ్మా! కులానికి ఏ ముక్కు, ఏ కళ్ళు? మా అమ్మమ్మ ఊరికి గోపాలమిత్ర నైట్రోజన్ క్యాన్ బండికి కట్టుకుని వచ్చేవాడు. ఒంగోలా జెర్సీయా అని అడిగేవాడు. పశువుకి జాతులున్నాయి, అడగాలి. మనిషికి ఉన్నది ఒకటే జాతి.

1980లో కాలిఫోర్నియాలో గ్రాహం అనే డబ్బున్నాయన నోబెల్ గ్రహీతల వీర్యం దాస్తానని బ్యాంకు పెడితే లోకం నవ్వింది. 1999లో అది మూతపడింది. మన దగ్గర ప్రతి కౌన్సెలింగ్ గదిలోనూ చిన్న గ్రాహం కూర్చునే వీలుంది, ఎవరికీ నవ్వు రాదు.

అంబేడ్కర్ 1916లోనే కొలంబియాలో చెప్పాడు, కులం బతికేది సొంత కులంలోనే పెళ్ళి అనే కట్టడి మీద అని. ఇప్పుడు పెళ్ళితో పనిలేదు. తల్లీ తండ్రీ ఒకరినొకరు చూసుకోనే అక్కర్లేదు. అయినా కట్టడి ట్యాంకులో భద్రంగా ఉంది.

"తొందరగానే దొరుకుతారు" అన్న మాట ఇంకా గుచ్చుతోంది. దొరికేది ఎవరు? ఇల్లు గడవక ఇంజక్షన్లు పొడిపించుకునే మన ఆడపిల్ల. 2021 చట్టం ప్రకారం దాతకి 23 నుంచి 35 ఏళ్ళుండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకి మించి తీయకూడదు. ఆమె నొప్పి ఓసీ పిల్ల నొప్పి కంటే ఏం తక్కువని ప్యాకేజీ వేరే? క్లాసులో 'కన్యాశుల్కం' చెప్పేటప్పుడు, పిల్లకి వెలకట్టే రోజులు పోయాయి అంటుంటాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అదే చట్టం 26వ సెక్షన్ ఆడా మగా ఎంచుకోవడాన్ని నిషేధించింది. ఆ పక్కనే కులాన్నీ చేర్చండి. కులం అడిగిన క్లినిక్ లైసెన్సు పోవాలి. అడిగే దంపతుల్లో మనవాళ్ళున్నా సరే. "ఓసీ డోనరైతే పిల్ల తెల్లగా పుడుతుంది" అని మనింట్లో అనేవాళ్ళకీ ఇదే చెప్తున్నాను.

నేను ఆ ఫారంలో కులం గడి అడ్డంగా కొట్టేసి, కింద సంతకం పెట్టి వచ్చాను. మూడు వారాలైంది, ఇంకా ఫోన్ రాలేదు. నాకు వయసు ఆగదు. అయినా ఆ గడి మాత్రం నింపను.

జై భీమ్.